చెలకలో ఇల్లు కట్టుకునే ముందు: వరంగల్ శివారు ఊళ్లలో ప్లాటును పరిశీలించే పద్ధతి

హనుమకొండ, కాజీపేట, వరంగల్ కలిసిపోయి ఒకే పట్టణంగా మారడం మా తరం కళ్ల ముందే జరిగింది. ఇప్పుడు చుట్టుపక్కల పల్లెల వంతు వచ్చింది. 2013లో 42 గ్రామాలు నగరపాలక సంస్థలో విలీనమయ్యాయి. 2015లో అది గ్రేటర్ వరంగల్ అయింది. గీసుకొండ, సంగెం మండలాల్లో టెక్స్‌టైల్ పార్కుకు 2017లోను, కాజీపేటలో రైల్వే తయారీ కేంద్రానికి 2023 జూలైలోను శంకుస్థాపనలు జరిగాయి. వీటికి తోడు మామునూరు విమానాశ్రయం మాట ఉండనే ఉంది. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు నుండి పిల్లల చదువుల కోసం వచ్చిన కుటుంబాలు తిరిగి వెళ్లకుండా ఇక్కడే స్థిరపడుతున్నాయి. పట్టణం నడుమ గజం ధర అందక, వారంతా సగం పల్లె, సగం పట్నంగా ఉన్న ఊళ్ల వైపు చూస్తున్నారు. నిన్నటి దాకా ఎకరాల్లోను, గుంటల్లోను మాట్లాడుకున్న భూమిని ఇవాళ గజాల్లో అమ్ముతున్నారు.

నూట యాభై గజాల ప్లాటు కోసం ఒక ఉపాధ్యాయుడో, ఆర్టీసీ డ్రైవరో ఇరవై ఏళ్లు కూడబెట్టిన సొమ్మంతా పెడతాడు. అలాంటివారి కోసమే ఈ వివరాలు రాస్తున్నాను. కొనేవారు చాలామంది కాగితాలతో మొదలుపెట్టి కాగితాలతోనే ముగిస్తారు. మన ప్రాంతంలో నీళ్లతో మొదలుపెట్టి, ఆ తరువాత కాగితాల దగ్గరికి వెళ్లడమే సరైన వరుస అని నా గట్టి నమ్మకం.

మొదట నీటి దారిని చూడండి

కాకతీయుల కాలం నుండి ఈ నేల మీద చెరువులను గొలుసుకట్టుగా తవ్వుకున్నారు. పై చెరువు నిండి మత్తడి (అలుగు) దూకితే ఆ నీరు ఒర్రె (చిన్న వాగు) గుండా కింది చెరువుకు చేరుతుంది. అక్కడి నుండి మరో కుంటకు, చివరకు వాగుకు పోతుంది. మూడు నాలుగేళ్లు వానలు సరిగా పడకపోతే ఆ ఒర్రె ఎండి, ఎవరో దున్నిన చెలకలాగా కనిపిస్తుంది. దాని మీద మొరం పోసి, చదును చేసి, తెల్లరంగు పూసిన రాళ్లు పాతితే కొత్తగా వచ్చినవారికి తేడా తెలియదు. నీటికి మాత్రం తన దారి తెలుసు.

మా చిన్నమ్మ కుటుంబం 2019 ఎండాకాలంలో హనుమకొండ శివారులో ఒక ప్లాటు కొన్నది. రిజిస్ట్రేషన్ సవ్యంగా జరిగింది, హద్దురాళ్లు ఉన్నాయి, ముప్పై అడుగుల రోడ్డు కూడా ఉంది. 2020 ఆగస్టు వానల్లో హనుమకొండ కాలనీలు మునిగిన రోజుల్లో వెళ్లి చూస్తే ఆ ప్లాటులో మోకాలి లోతు నీరు పారుతున్నది. అది నిలిచిన నీరు కాదు, పారే నీరు. అంటే అది ఒర్రె. 2023 జూలైలో మళ్లీ అదే జరిగింది. ఆ నెల చివరనే భద్రకాళి చెరువు కట్టకు పోతననగర్ వైపు గండి పడింది. ఆ ప్లాటు ఇప్పటికీ వారి పేరు మీదనే ఉంది, అందులో ఇల్లు మాత్రం లేదు.

అందుచేత ప్లాటును కనీసం రెండుసార్లు చూడండి. వాటిలో ఒకసారి గట్టి వాన పడిన మరునాడు కావాలి. అమ్మేవారి కారులో కాకుండా మీరే నడిచి వెళ్లి, ప్లాటు నుండి పల్లంగా ఉన్న దిక్కున చెరువు కట్ట కనబడేదాకా, మెరకగా ఉన్న దిక్కున పై చెరువు మత్తడి కనబడేదాకా నడవండి. ఆ రెండింటి నడుమ నీరు పోయే దారి ఏదో, అది వెంచర్‌కు ఎంత దూరంలో ఉందో మీకే అర్థమవుతుంది. ఊళ్లో నీరటిగా (చెరువు నీళ్లు వదిలేవాడిగా) పనిచేసిన వారు గాని, పక్క పొలం రైతు గాని దొరికితే, “మత్తడి దూకినప్పుడు నీళ్లు ఎందాక వస్తయి?” అని అడగండి. ప్లాటు బాగుందా అని అడిగితే మొహమాటానికి బాగుందనే అంటారు; నీళ్ల సంగతి అడిగితే ఉన్నదున్నట్టు చెబుతారు.

చెరువు నిండుగా ఉన్నప్పుడు నీరు నిలిచే హద్దును ఎఫ్‌టీఎల్ అంటారు. 2012 నాటి భవన నిర్మాణ నియమాల ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఆ హద్దు నుండి 30 మీటర్ల మేర, అంతకన్న చిన్న చెరువుకు, కుంటకు 9 మీటర్ల మేర నిర్మాణాలు ఉండకూడదు. 10 మీటర్లకు మించిన వెడల్పు గల వాగుకు, నాలాకు 9 మీటర్లు, అంతకు తక్కువ వెడల్పు గలదానికి 2 మీటర్లు వదలాలి. గ్రామ నక్షాలో (సర్వే పటంలో) వాగులు, కుంటలు, బండ్లబాటలు గీసి ఉంటాయి; ఆ నక్షా మీద మీ సర్వే నంబరును గుర్తించి, నేల మీద కనిపించేదానితో పోల్చుకోండి. నక్షాలో ఒర్రె ఉండి, వెంచర్ ప్లానులో అది లేకపోతే బేరం అక్కడితో ఆపండి.

శిఖం, అంటే చెరువు నీరు నిలిచే భూముల విషయంలో మరొక జాగ్రత్త ఉంది. చెరువు లోపలి భూమిలో కొంత భాగానికి పట్టాలు కూడా ఉంటాయి. నీరు తగ్గినప్పుడు సాగు చేసుకోవడానికి పనికివచ్చే పట్టా అది. “పట్టా భూమే కదా” అని అమ్మేవారు చెప్పే మాట అబద్ధం కాకపోవచ్చు, కానీ అందులో ఇంటికి అనుమతి రాదు.

తరువాత భూమి చరిత్ర

వెంచర్‌కు ఏ పేరు పెట్టినా భూమికి అసలు పేరు సర్వే నంబరే. ఆ నంబరును, దాని బై నంబరును రాసుకుని, 2025 ఏప్రిల్ నుండి ధరణి స్థానంలో వచ్చిన భూ భారతి పోర్టల్‌లో చూడండి. నిషేధిత భూముల జాబితాలో ఆ నంబరు ఉందేమో ముందుగా గమనించండి. ప్రభుత్వ, దేవాదాయ, వక్ఫ్, అసైన్డ్ భూములు ఆ జాబితాలో ఉంటాయి. మన పల్లెల్లో లావుణి పట్టా అని పిలిచేది అసైన్డ్ భూమినే. పేదలకు సాగు కోసం ఇచ్చిన ఆ భూమిని అమ్మడం, కొనడం 1977 నాటి చట్టం ప్రకారం చెల్లదు. ఎన్ని చేతులు మారినా ప్రభుత్వం వెనక్కి తీసుకోవచ్చు.

పోర్టల్‌లో కనిపించేది ఈనాటి స్థితి మాత్రమే. ధరణి కాలపు రికార్డులో అనుభవదారు గడి లేదు కాబట్టి పాత పహాణీలు (పట్టాదారు, సాగుదారు పేర్లు రాసిన రెవెన్యూ రికార్డులు) తప్పనిసరిగా తీయించాలి. 1954-55 నాటి ఖాస్రా పహాణీ నుండి మొదలుపెట్టి, కనీసం పదేళ్లకొకటి చొప్పున తహసీల్దారు కార్యాలయం నుండి ధ్రువీకరించిన నకళ్లు తీసుకుంటే, పట్టాదారు ఎవరు, సాగు చేసింది ఎవరు, ఆ పేర్లు ఎప్పుడు ఎందుకు మారాయి అన్నది వరుసగా తెలుస్తుంది. 1950 నాటి కౌలుదారీ చట్టం కింద రక్షిత కౌలుదారు పేరు ఎక్కడైనా ఉంటే, అతని వారసులకు హక్కు ఉండే అవకాశం ఉన్నది. దానిని న్యాయవాదికి చూపకుండా ముందుకు వెళ్లవద్దు. తెల్లకాగితం మీద రాసుకున్న సాదాబైనామాతో నడిచిన కొనుగోలు నడుమ ఉంటే, అది క్రమబద్ధమైందో లేదో విచారించండి.

భూమి తాత నుండి వచ్చినదైతే వారసులందరి సంతకాలు ఉండాలి. అన్నదమ్ములు పంచుకుని అమ్మేసి, ఆడబిడ్డల సంతకాలను పట్టించుకోకపోవడం ఇప్పటికీ మన దగ్గర జరుగుతూనే ఉన్నది. అది ఆడబిడ్డలకు అన్యాయం, కొన్నవారికి తరువాతి రోజుల్లో కోర్టు దారి. కుటుంబ వృక్షం అడిగి, అందులోని ప్రతి పేరుకు ఎదురుగా సంతకం ఎక్కడ ఉందో చూపమనండి. ఈసీని (ఆస్తి మీది లావాదేవీలు, తనఖాలు చూపే పత్రాన్ని), లింకు డాక్యుమెంట్లను (పాత రిజిస్ట్రేషన్ పత్రాలను) ఒకదాని పక్కన ఒకటి పెట్టి చదవండి. జీపీఏ (యజమాని తరఫున అమ్మే అధికారం ఇచ్చే పత్రం) ద్వారా అమ్ముతుంటే, ఆ జీపీఏ ఇచ్చిన వ్యక్తి బతికే ఉన్నారా, దానిని రద్దు చేయలేదు కదా అని స్వయంగా తెలుసుకోండి.

అనుమతులు

“పంచాయతీ లేఅవుట్” అనే మాట విన్నప్పుడు జాగ్రత్తపడాలి. సర్పంచి, కార్యదర్శి సంతకం, ముద్ర ఉన్న ప్లాను కాగితం లేఅవుట్ అనుమతి కాదు. వరంగల్ చుట్టుపక్కల ఊళ్లలో చాలావరకు కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ, అంటే కుడా పరిధిలో ఉన్నాయి; ఆ పరిధి దాటిన చోట డీటీసీపీ (పట్టణ, గ్రామ ప్రణాళిక శాఖ) అనుమతి కావాలి. 2024 నవంబరులో ప్రభుత్వం ఆమోదించిన 2041 మాస్టర్ ప్లాన్‌లో ఆ సర్వే నంబరు నివాస ప్రాంతంలో ఉందా, వ్యవసాయ ప్రాంతంలో ఉందా, లేక రాబోయే రోడ్డు దాని మీదుగా పోతుందా అన్నది కుడా కార్యాలయంలో అడిగి తెలుసుకోవచ్చు. భూమిని వ్యవసాయేతరంగా మార్చిన నాలా పత్రం (ఇక్కడ నాలా అంటే కాలువ కాదు, వ్యవసాయేతర మార్పిడి) కూడా చూడండి. ఖిలా వరంగల్ వంటి రక్షిత కట్టడాల దగ్గరైతే, 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషిద్ధం, ఆ తరువాతి 200 మీటర్లలో పురావస్తు శాఖ నియంత్రణ ఉంటుంది.

అనుమతి లేని లేఅవుట్లలోని ప్లాట్లకు ఎల్ఆర్ఎస్ (లేఅవుట్ క్రమబద్ధీకరణ) పథకం ఉన్నమాట నిజమే. అయితే అది 2020 ఆగస్టు 26 నాటి గడువుకు ముడిపడి ఉన్నది. పైగా 1,000 రూపాయలు కట్టిన దరఖాస్తు రసీదు క్రమబద్ధీకరణ పత్రం కాదు. శిఖం భూమికి, అసైన్డ్ భూమికి ఎల్ఆర్ఎస్ వర్తించదు.

500 చదరపు మీటర్లకు, అంటే సుమారు 600 గజాలకు మించిన వెంచర్‌కు రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ ఉండాలి. అది లేకుండా ప్రకటన ఇవ్వడమే చట్టవిరుద్ధం. కరపత్రంపై ఉన్న రెరా నంబరును తెలంగాణ రెరా వెబ్‌సైటులో వెతికి, అక్కడి ప్లానును మీకు చూపిన ప్లానుతో పోల్చండి. రోడ్లు, కాలువలు, కరెంటు పనులు పూర్తయ్యేదాకా కొన్ని ప్లాట్లను అనుమతి ఇచ్చిన సంస్థకు తనఖా పెట్టి ఉంచుతారు. మీరు చూసిన ప్లాటు వాటిలో ఒకటి కాకూడదు.

కొలత, డబ్బు

ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 గజాలు, మొత్తం 4,840 గజాలు. సరైన వెడల్పుతో రోడ్లు, పార్కు స్థలం వదిలితే సాధారణంగా ఎకరానికి మూడు వేల గజాల లోపే ప్లాట్లుగా మిగులుతుంది. వెంచర్‌లోని ప్లాట్ల గజాలన్నీ కూడి, ఎకరాలతో భాగించి చూడండి. మూడున్నర వేలు వస్తే, రోడ్లలోనో పార్కులోనో కోత పడినట్టే. గుంటల లెక్కన “ఫామ్ ప్లాటు” అని అమ్మేది వ్యవసాయ భూమే. అక్కడ ఇంటి అనుమతిని, మున్సిపల్ నీటిని ఆశించి కొనవద్దు.

రెరా చట్టం ప్రకారం, రాతపూర్వకంగా విక్రయ ఒప్పందం చేసుకుని రిజిస్టర్ చేయించకముందు పది శాతానికి మించి బయానా తీసుకోకూడదు. స్థిరాస్తి బయానాగా 20,000 రూపాయలు, అంతకు మించిన సొమ్మును నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం కూడా కుదరదు. చెక్కు ద్వారానో, బ్యాంకు బదిలీ ద్వారానో ఇచ్చిన డబ్బుకే రేపు సాక్ష్యం ఉంటుంది. స్టాంపు, బదిలీ, రిజిస్ట్రేషన్ రుసుములన్నీ కలిపి 7.5 శాతం అవుతాయి కాబట్టి ఆ సొమ్మును ముందే పక్కన పెట్టుకోండి.

కొన్న తరువాత

రిజిస్ట్రేషన్ అయిన వారంలోనే లైసెన్సు ఉన్న సర్వేయర్‌తో కొలిపించి, పక్క ప్లాట్లవారి ఎదుట నాలుగు మూలల రాళ్లు పాతించండి. ఖాళీ స్థలం పన్ను మీ పేరున కట్టడం మొదలుపెట్టండి. ఇల్లు మొదలుపెట్టే ముందు రెండు మూడు చోట్ల గుంత తవ్వించి, పోసిన మొరం ఎంత లోతు ఉందో, కింద ఎర్రనేల ఉందో, నల్లరేగడి ఉందో చూడండి. రేగడి వానకు ఉబ్బి, ఎండకు బీటలు వారుతుంది కాబట్టి పునాది లోతును ఇంజనీరు నిర్ణయించాలి. ప్లాటు 500 చదరపు మీటర్ల లోపు, ఇల్లు 10 మీటర్ల ఎత్తు లోపు అయితే స్వీయ ధ్రువీకరణతో ఆన్‌లైన్‌లో అనుమతి వస్తుంది. అందులో రాసే ప్రతి మాటకు బాధ్యత మీదే.

ప్రహరీ కట్టేటప్పుడు ప్లాటు అంచున పాత పొలం కాలువ ఏదైనా ఉంటే దానిని పూడ్చకండి. పది అడుగుల గోడతో ఆపిన నీరు పక్కవారి ఇంట్లోకి పోతుంది, వారు మళ్లీ గోడ ఎత్తుతారు. 2020లో మునిగిన కాలనీల్లో అలా ఒకరి తరువాత ఒకరు ఎత్తిన గోడలను నేను చూశాను. ఆ కాలువకు సరిపడా గూన పైపు వేయించి, దాని మూతి వాన మొదలయ్యే ముందు మిరుగు కార్తెలో ఒకసారి శుభ్రం చేయించండి.