రైతు సాయం: ఇంట్లోనే నేర్చుకునే పాఠాలు – 3. విడత డబ్బు ఎక్కడ ఆగింది?

గత పాఠంలో తీసిపెట్టుకున్న 1బి (ఎవరి పేరున ఎంత భూమి ఉందో చూపే పత్రం), అడంగల్ (ఏ భూమిలో ఎవరు ఏం సాగు చేస్తున్నారో చూపే పత్రం) నకళ్లను దగ్గర ఉంచుకుని ఈ పాఠం చదవండి.

పీఎం కిసాన్ కింద కేంద్రం ఏడాదికి రూ.6,000ను రూ.2,000 చొప్పున మూడు విడతలుగా జమ చేస్తుంది. అన్నదాత సుఖీభవ కింద ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం ఇచ్చే రూ.14,000 కలిస్తే మొత్తం రూ.20,000 అవుతుంది. 2025 ఆగస్టు 2న కేంద్రం రూ.2,000, రాష్ట్రం రూ.5,000 ఒకే రోజున విడుదల చేశాయి. అవి వేర్వేరు జమలు గనుక, బ్యాంకు పాసుపుస్తకంలో పడిన అంకెను బట్టే ఎవరి సొమ్ము రాలేదో చెప్పవచ్చు.

కేంద్రం సొమ్ము రాకపోతే పీఎం కిసాన్ వెబ్‌సైటులో ‘నో యువర్ స్టేటస్’ తెరవండి. రిజిస్ట్రేషన్ నంబరు గుర్తులేకపోతే ఆధార్ నంబరుతో అక్కడే తెలుసుకోవచ్చు. పేజీ నిండా వివరాలున్నా ల్యాండ్ సీడింగ్ (భూమి రికార్డు జతపడటం), ఈకేవైసీ (ఆధార్‌తో గుర్తింపు ధ్రువీకరణ), ఆధార్ బ్యాంకు సీడింగ్ (ఆధార్‌కు బ్యాంకు ఖాతా జతపడటం) అన్న మూడింటినే ముందుగా చూడండి. (విత్తనాలు చల్లే రైతుకు ‘సీడింగ్’ అనగానే మరో అర్థం తోస్తే తప్పు ఆయనది కాదు, అనుసంధానం అంటే సరిపోయేది.) మూడింటి ఎదుటా ‘యస్’ ఉండాలి.

ఈకేవైసీ దగ్గర ‘నో’ ఉంటే ఓటీపీతోనో వేలిముద్రతోనో ఒక పూటలో తేలిపోతుంది. ల్యాండ్ సీడింగ్ అంత తేలిక కాదు. తండ్రి పోయి ఏళ్లు గడిచినా భూమి ఆయన పేరునే ఉండిపోయిన ఇళ్లు మన పల్లెల్లో తక్కువేమీ కాదు. అలాంటివారు ముందు మ్యుటేషన్ (భూమి రికార్డులో పేరు మార్పు) చేయించుకోవలసిందే. 2019 ఫిబ్రవరి 1 నాటికి భూమి ఎవరి పేరున ఉందన్నదే పీఎం కిసాన్‌కు కొలమానమైనా, ఆ తరువాత వారసత్వంగా సంక్రమించిన భూమికి మినహాయింపు ఉంది.

మూడూ ‘యస్’ అయినా డబ్బు కనిపించని సందర్భమే మనిషిని ఎక్కువగా తిప్పుతుంది. దుగ్గిరాల దగ్గర ఉండే మా పిన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టిన పాసుపుస్తకంతో మూడుసార్లు బ్యాంకుకు వెళ్లింది. మూడుసార్లూ ఎంట్రీ వేసి, ఏమీ పడలేదని పంపేశారు. తీరా చూస్తే రూ.4,000 ఆమె డ్వాక్రా గ్రూపు కోసం తెరిచి మరచిపోయిన ఇంకో బ్యాంకు ఖాతాలో భద్రంగా ఉంది. ఆధార్ ఆధారంగా పంపే సొమ్ము, మనం దరఖాస్తులో రాసిన ఖాతాకు కాక, ఆధార్‌కు చివరిగా అనుసంధానమైన బ్యాంకుకు చేరుతుంది. ఆ బ్యాంకు ఏదో మై ఆధార్ వెబ్‌సైటులో ‘బ్యాంక్ సీడింగ్ స్టేటస్’ దగ్గర ఓటీపీ ఇస్తే పేరుతో సహా కనిపిస్తుంది. ఆ పేరు చూడకుండా బ్యాంకు మెట్లెక్కవద్దని నా సలహా.

సాగు ఒకరిది, పట్టాదారు పాసుపుస్తకం మరొకరిది అయిన మన డెల్టాలో ఈ పాఠం సగం మందికే పనికొస్తుందని తెలుసు. కౌలు రైతుకు పీఎం కిసాన్ వర్తించదు. రాష్ట్ర సాయానికి 11 నెలల కౌలు గుర్తింపు కార్డు కావాలి, దానికి భూయజమాని సంతకం కావాలి. ఆ సంతకం సంగతి నాలుగో పాఠంలో చూద్దాం.

అభ్యాసం: మీ ఇంట్లో పట్టాదారు ఒకరి స్టేటస్ తెరిచి ఆ మూడు జవాబులనూ, ఆధార్‌కు అనుసంధానమైన బ్యాంకు పేరునూ 1బి నకలు వెనుక తేదీతో రాసిపెట్టండి.