ఆంప్ నుంచి ల్యాప్‌టాప్‌కి కలిపితే వచ్చే 'గుయ్' మోత: నాకు ఎలా పోయిందంటే

గిటార్ ఆంప్‌కి, ఆంప్ లైన్ అవుట్ (రికార్డింగ్‌కి సిగ్నల్ ఇచ్చే సాకెట్) ఆడియో ఇంటర్‌ఫేస్‌కి (శబ్దాన్ని ల్యాప్‌టాప్‌లోకి పంపే పెట్టె), అది ల్యాప్‌టాప్‌కి. ఈ వరసలో కలపగానే రికార్డింగ్ నిండా ఒకటే మోత. కేబుళ్లు మార్చాను, యూఎస్‌బీ పోర్టు మార్చాను, నాయిస్ గేట్ (చిన్న శబ్దాల్ని కోసేసేది) పెట్టాను, ఏదీ పనిచేయలేదు.

ఒకరోజు ల్యాప్‌టాప్ చార్జర్ పీకగానే మోత ఆగిపోయింది. అంటే గ్రౌండ్ లూప్ అన్నమాట: ఆంప్ ఎర్త్ ఒక దారి, చార్జర్ ఎర్త్ ఇంకో దారి, రెంటినీ ఆడియో కేబుల్ షీల్డు (లోపలి తీగ చుట్టూ ఉండే లోహపు తొడుగు) కలుపుతోంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి మోతా ఆ ఫ్రీక్వెన్సీలోనే, దాని గుణిజాల్లోనూ (100, 150 హెర్ట్జ్ అలా) వినిపిస్తుంది.

ముందు ఆంప్, చార్జర్ రెండూ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకి పెట్టాను. మోత తగ్గింది కానీ పోలేదు. తర్వాత ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పాసివ్ డీఐ బాక్సు (రెండు వైపులా తీగలు నేరుగా కలవకుండా సిగ్నల్‌ని మాత్రం దాటించే, కరెంటు అక్కర్లేని చిన్న పెట్టె) తెచ్చాను. ఆంప్ లైన్ అవుట్ దాని ఇన్‌పుట్‌కి, దాని ఎక్స్‌ఎల్‌ఆర్ (మూడు పిన్నుల మైక్ కనెక్టర్) అవుట్ ఇంటర్‌ఫేస్ మైక్ ఇన్‌పుట్‌కి. ఫాంటమ్ పవర్ (ఇంటర్‌ఫేస్ మైకులకి పంపే కరెంటు) ఆఫ్. లైన్ సిగ్నల్ పెద్దది కాబట్టి డీఐలో 20 డీబీ ప్యాడ్ (సిగ్నల్‌ని తగ్గించే స్విచ్) ఆన్. ఇంటర్‌ఫేస్ గెయిన్ (సిగ్నల్‌ని పెంచే నాబ్) సున్నా నుంచి మెల్లగా పెంచాను. చివరగా డీఐ మీది గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ (రెండు వైపుల ఎర్త్ కలవకుండా తెంచేది) నొక్కగానే మోత మాయం!

ఆంప్ ప్లగ్‌లో ఎర్త్ పిన్ మాత్రం దయచేసి తీయకండి, ప్రాణానికే ప్రమాదం. స్పీకర్ అవుట్‌ని మామూలు డీఐకి కలపకండి.

చార్జర్ తీసినా మోత ఉంటే మీది వేరే సమస్య కావచ్చు. గిటార్ పట్టుకుని అటూ ఇటూ తిరిగితే మోత మారుతుంటే, అది గిటార్‌లోని సింగిల్ కాయిల్ పికప్ (తీగల కదలికను సిగ్నల్‌గా మార్చే, ఒకే తీగచుట్ట ఉన్న భాగం) చుట్టుపక్కల నుంచి పట్టుకుంటున్న మోత. దానికి డీఐ పనిచేయదు.