ఒక్క సంవత్సరపు ఆస్ట్రేలియా సాహిత్యాన్ని చదవడం ఎలా: 1964 ఆధారంగా

నల్లగొండ, మహబూబ్‌నగర్ కళాశాలల్లో ఆంగ్ల సాహిత్యం చదువుతూ, సెమినార్ పత్రానికి ఆస్ట్రేలియా సాహిత్యాన్ని ఎంచుకునే విద్యార్థులు రెండు శతాబ్దాల చరిత్రనంతా పది పుటల్లో కుక్కాలని చూస్తారు. చివరికి పేర్ల పట్టిక తప్ప ఏమీ మిగలదు. దానికన్నా ఒకే సంవత్సరాన్ని తీసుకుని లోతుగా చదవడం మేలు. అందుకు 1964 చాలా అనువైనది: ఆదివాసీ రచయిత తొలి కవితా సంపుటి, మెల్‌బోర్న్ జీవితాన్ని చిత్రించిన ఒక పెద్ద నవల, దేశ నాయకత్వాన్ని నిలదీసిన ఒక విమర్శ గ్రంథం ఆ ఏడాదే వెలువడ్డాయి.

ముందుగా నోటుపుస్తకంలో ప్రతి రచనకూ రాసిన కాలం, అచ్చయిన సంవత్సరం, పురస్కారపు సంవత్సరం అని మూడు గడులు గీసుకోండి. ఆస్ట్రేలియాలో ప్రముఖ సాహిత్య పురస్కారమైన మైల్స్ ఫ్రాంక్లిన్‌ను తొలినాళ్లలో పుస్తకం అచ్చయిన సంవత్సరం పేరుతోనే లెక్కించేవారు. తరవాత ప్రకటించిన సంవత్సరానికి మార్చారు. ఆ మార్పు వల్ల 1988కి విజేతే లేరు. ఈ సంగతి తెలియకపోతే మీ పట్టికలో ఒక ఏడాది తేడా వస్తుంది.

చదవడం మాత్రం చిన్న పుస్తకంతో, అంటే ఆదివాసీ కవయిత్రి కాత్ వాకర్ ‘వి ఆర్ గోయింగ్’తో మొదలుపెట్టండి. ఆమె పదమూడో ఏట బడి మానేసి ఇళ్లలో పనిమనిషిగా బతికిన మనిషి. ఆమె రాతప్రతిని చదివి ప్రోత్సహించింది జుడిత్ రైట్ అనే మరో కవయిత్రి. సంపుటికి పేరిచ్చిన కవితను నెమ్మదిగా, పైకి చదవండి. తెగలో మిగిలిన కొద్దిమంది, మాటాపలుకూ లేకుండా, తమ పూర్వీకులు క్రతువులు జరిపిన నేలకు తిరిగి వస్తారు. అక్కడ తెల్లవారు చీమల్లా తిరుగుతుంటారు, ‘ఇక్కడ చెత్త వేయవచ్చు’ అని రియల్ ఎస్టేట్ ఏజెంటు పెట్టిన బోర్డు ఉంటుంది. ఆ బోర్డు దగ్గర ఆగండి. శ్రీశైలం జలాశయంలో ఊళ్లు మునిగిన కొల్లాపూర్, అలంపూర్ ప్రాంతాల వారికి ఆ పంక్తి బరువు ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు. అయితే ఆ పోలికను పత్రంలో ఒక్క పేరాకు మించనివ్వకండి, ఎందుకంటే ఆమె చెప్పిన నష్టానికి దానిదైన చరిత్ర ఉంది.

తరవాత జార్జ్ జాన్‌స్టన్ ‘మై బ్రదర్ జాక్’ చదవండి. మొదటి ప్రపంచ యుద్ధంలో కాళ్లూ చేతులూ పోగొట్టుకున్న సైనికులను కథకుడి తల్లి ఇంటికి తెచ్చి ఆదరించడంతో, ఆ ఇంటి నడవా నిండా చంకకర్రలు, కృత్రిమ అవయవాలే ఉంటాయి. యుద్ధం ఇంట్లోకి ఎలా వచ్చిందో చూపడానికి ఆ ఒక్క నడవా చాలు. గ్రీస్‌లోని హైడ్రా ద్వీపంలో రాసిన నవల కనుక మీ మొదటి గడి ఇక్కడ అక్కరకొస్తుంది. డొనాల్డ్ హోర్న్ ‘ది లక్కీ కంట్రీ’ శీర్షిక పొగడ్తలా ధ్వనించినా పుస్తకం విమర్శే. చివరి అధ్యాయాన్ని వదలకండి. పాట్రిక్ వైట్ కథల సంపుటి ‘ది బర్న్‌ట్ వన్స్’ నుంచి ఒకటి రెండు కథలు సరిపోతాయి.

పుస్తకాలతో పాటు ఆనాటి పత్రికలూ చూడాలి. ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయం నడిపే ‘ట్రోవ్’ వెబ్‌సైట్‌లో 1964 నాటి ‘కాన్‌బెర్రా టైమ్స్’ సంచికలను ఫోనులోనే ఉచితంగా చదవవచ్చు. కాత్ వాకర్ 1988లో ఊజెరూ నూనుకల్ అనే పేరును స్వీకరించారు కాబట్టి వెతికేటప్పుడు ఆమె పాత పేరే ఇవ్వండి. కంప్యూటరు గుర్తించిన పాఠంలో అక్షరదోషాలు ఉంటాయి. ఉదాహరించే ముందు పుట చిత్రంతో సరిచూసుకోండి.

పురస్కారాల జాబితాను మాత్రమే నమ్మకండి. 1964 మైల్స్ ఫ్రాంక్లిన్ జాన్‌స్టన్‌కు దక్కింది, అది న్యాయమే. కానీ కవిత్వానికి ఆ పురస్కారంలో చోటే లేదు. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 354 మందిని వెతికి 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చిన పాలమూరు నేల మనది; జాబితాకు ఎక్కని వారి కోసం వెతకడం మనకు కొత్త కాదు.

పత్రాన్ని డిసెంబరు 1964తో ఆపేయకుండా, ఆదివాసీలను జనగణనలో లెక్కించడానికి అడ్డుగా ఉన్న నిబంధనను తొలగిస్తూ 90 శాతానికి పైగా ఓటర్లు ఆమోదం తెలిపిన 1967 మే 27 నాటి ప్రజాభిప్రాయ సేకరణ దాకా తీసుకెళ్లండి. ఆ ఉద్యమంలో కాత్ వాకర్ ముందు వరుసలో ఉన్నారు.