ఇంట్లో దొరికిన తాళపత్రాలను విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి ఎలా అప్పగించాలి?

పాత ఇల్లు విప్పేటప్పుడో, అటక దులిపేటప్పుడో గుడ్డలో చుట్టిన తాటాకుల కట్ట బయటపడుతుంది. అందులో ఏముందో ఇంట్లో ఎవరికీ తెలియదు. పుష్కరాల్లో నదిలో కలిపినవీ, భోగి మంటల్లో వేసినవీ పోగా మిగిలిన కట్ట అది. దాన్ని కాపాడాలన్న తొందరలోనే చాలామంది నూనె రాసి, ఎండలో పెట్టి, ఆకుల్ని అటూ ఇటూ సర్ది చెడగొడతారు. ఆకు మీది రాత ఎంత విలువైనదో, ఆ కట్ట ఎవరింట్లో, ఏ పెట్టెలో, వేటితో కలిసి ఉందన్న సమాచారం కూడా అంతే విలువైనది. రాతను గ్రంథాలయం వాళ్లు చదువుకోగలరు. ఈ సమాచారం మాత్రం మీరు చెబితేనే వాళ్లకు తెలుస్తుంది.

దొరికిన రోజు

కట్ట విప్పకండి. ఉన్నచోట ఉన్నట్టే ఫోన్‌తో ఫోటో తీయండి: పెట్టె, చుట్టిన గుడ్డ, పక్కనున్న కాగితాలు, కవిలెకట్టలు (పాత లెక్కల తాటాకు కట్టలు), ఉత్తరాలు అన్నీ కనబడాలి. ఆ తర్వాత ఉతికిన తెల్ల దుప్పటి పరిచిన బల్ల మీదికి కట్టను రెండు చేతులతో అడుగు నుంచి పట్టుకుని తీసుకురండి. తాడు పట్టి ఎత్తితే అది దూర్చిన కన్నాల దగ్గర ఆకులు చిరుగుతాయి. ఫ్యాన్ ఆపేయండి.

ఇప్పుడు రెండు విషయాలు చూడాలి. కట్ట కింద సన్నటి పొడి రాలుతోందంటే లోపల పురుగు బతికే ఉందనుకోవాలి. అలాంటి కట్టను మిగతా పుస్తకాలకు దూరంగా, మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బాలో విడిగా పెట్టి గ్రంథాలయానికి ఫోన్ చేయండి. తెల్లగానో పచ్చగానో బూజు పట్టి, తాకితే చల్లగా తగిలితే అది చెమ్మ. చెమ్మ ఉన్నదాన్ని డబ్బాలో మూస్తే బూజు ఇంకా పెరుగుతుంది కాబట్టి నీడలో, గాలి ఆడేచోట రెండు మూడు రోజులు ఉంచండి. బూజు పట్టిన కట్టను ముట్టుకునేటప్పుడు ఎన్-95 మాస్కు, రబ్బరు తొడుగులు తప్పనిసరి. బూజు లేనిదానికి తొడుగులు అక్కర్లేదు. సబ్బుతో కడిగి బాగా ఆరబెట్టుకున్న చేతులకే ఆకు అంచు స్పర్శ తెలుస్తుంది.

విప్పడం, దుమ్ము దులపడం

తాడు ముడి రాకపోతే లాగకండి. ముడి కన్నంలోంచి దూరేటప్పుడు ఆకు కన్నం నుంచి అంచుదాకా చీలుతుంది. తాడును కత్తెరతో కత్తిరించి, ముక్కల్ని కవరులో దాచండి. అవి కూడా కట్టలో భాగమే.

మెత్తటి మేకవెంట్రుకల బ్రష్, అంగుళం వెడల్పుది, కొత్తది తీసుకోండి. ఒక్కొక్క ఆకునూ బల్ల మీద ఆనించి, మధ్యలోంచి చివరలకు, పొడవు వెంబడే తుడవండి. తాటాకు ఈనెలు పొడవునా ఉంటాయి. అడ్డంగా తుడిస్తే లేచిన పెచ్చు ఊడి, దాని మీది అక్షరాలు కూడా పోతాయి. బొమ్మలు, రంగులు ఉన్న ఆకుల మీద బ్రష్ పెట్టనే వద్దు. అతుక్కుపోయిన ఆకుల మధ్య చాకు దూర్చవద్దు. వాటిని తగిన తేమ పట్టించి విడదీసే పద్ధతి ఉంది, అది పరిరక్షణ నిపుణుల పని.

నూనె సంగతి కాస్త వివరంగా చెప్పాలి. గంటంతో గీసిన గీతల్లో మసి నింపి, ఆకు పెళుసుబారకుండా నిమ్మగడ్డి నూనె లాంటివి పూసే పద్ధతి లిఖిత ప్రతుల గ్రంథాలయాల్లో ఉన్న మాట నిజమే. అయితే ముందు ఆకును శుభ్రం చేసి, ఏ ఆకుకు ఎంత అవసరమో చూసి చేస్తారు. ఇంట్లో కొబ్బరినూనె రాస్తే అది ముక్కిపోయి, దుమ్మును అంటించుకుని, జిడ్డుగా గడ్డకట్టి ఆకుల్ని ఒకదానికొకటి అతికిస్తుంది. పాత లేఖకులు తాము రాసిన ప్రతుల చివర రాసే శ్లోకమొకటి ఉంది: నూనె నుంచి, నీటి నుంచి, వదులు కట్టు నుంచి నన్ను కాపాడమని పుస్తకమే వేడుకుంటుంది. ఆ మూడూ ఇప్పటికీ ముఖ్యమైన ప్రమాదాలే. తడిగుడ్డతో తుడవడం, ఎండలో ఆరబెట్టడం కూడా అంతే. ఎండకు ఆకు వంకర తిరిగి ఈనె వెంబడి చీలుతుంది. సెల్లోటేపు, లామినేషన్, రబ్బరు బ్యాండ్లు, గుండుసూదులు ఏవీ వద్దు. టేపు జిగురు కొన్నేళ్లకు పసుపు మరకగా ఆకులోకి ఇంకుతుంది.

వరస మార్చకండి

ఆకు ఎడమ అంచున సాధారణంగా తెలుగు అంకెల్లో సంఖ్య ఉంటుంది. వరస తప్పినట్టు కనిపించినా సర్దకండి. ఒకే కట్టలో రెండు మూడు గ్రంథాలు కలిసి ఉండవచ్చు, ఒక్కోదానికీ సంఖ్యలు మళ్లీ ఒకటి నుంచి మొదలవుతాయి. దొరికిన వరసలోనే చిన్న కాగితం చీటీల మీద పెన్సిల్‌తో 1, 2, 3 వేసి ఫోటోలో ఆకు పక్కన పెట్టండి. ఆకు మీద ఏమీ రాయకండి.

ఫోటోకు నల్లటి గుడ్డ పరచి, పక్కన సెంటీమీటర్ల స్కేలు పెట్టి, ఫోన్‌ను స్టాండుకు బిగించండి. ఫ్లాష్ వద్దు. రెండు వైపుల నుంచీ ఏటవాలుగా వెలుతురు పడాలి. మసి పోయి గీతలు మాత్రమే మిగిలిన ఆకుకైతే ఒక వైపు నుంచే, బాగా కిందుగా టార్చి వేయండి. గీతల్లో నీడ పడి అక్షరం కనిపిస్తుంది. ప్రతి ఆకుకూ రెండు వైపులూ తీసి, ఫైలు పేరులో కట్ట సంఖ్య, ఆకు సంఖ్య, ముందా వెనకా అన్నది ఉండేలా చూసుకోండి.

వివరాల పత్రం

ఒక్కో కట్టకు ఒక కాగితం రాయండి. ఆకుల సంఖ్య, పొడవు వెడల్పులు, ఒక్కో వైపు ఎన్ని పంక్తులు, కన్నాలెన్ని, లిపి ఏది. మొదటి ఆకు మీద "అవిఘ్నమస్తు" లాంటి మాట ఉంటే దాని తర్వాతి పంక్తినీ, చివరి ఆకులోని చివరి పంక్తులనూ తెలిసినంతవరకు ఎత్తి రాయండి. చదవడం కష్టమైతే ఇవి గుర్తుంచుకోండి: పదాల మధ్య ఖాళీ ఉండదు. ఎ-ఏ, ఒ-ఓ తేడా తరచూ చూపరు. వలపలగిలక (అక్షరం తర్వాత వేసే ౯ లాంటి గుర్తు) ఉంటే ఆ అక్షరానికి ముందు "ర్" చేర్చి చదవాలి.

చివర్లో లేఖకుడి పేరు, సంవత్సరం ఉంటే అదృష్టమే. కానీ "శ్రీముఖ నామ సంవత్సరం" అని మాత్రమే ఉంటే అది 1873 కావచ్చు, 1933 కావచ్చు, ఇంకా వెనక్కీ పోవచ్చు, ఎందుకంటే అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగి వస్తుంది. తిథి, వారం కూడా ఉంటే ఏ శ్రీముఖమో పంచాంగ గణితంతో తేల్చవచ్చు. శాలివాహన శకం ఇస్తే 78, ఫసలీ (పాత శిస్తు లెక్కల సంవత్సరం) ఇస్తే 590 కలిపితే సుమారుగా క్రీస్తుశకం వస్తుంది. ఏదీ లేనప్పుడు ఇంటి సమాచారమే ఆధారం: కట్ట ఏ తాతగారిది, ఆయన కరణమా, వైద్యుడా, పురోహితుడా, ఏ ఊరు, ఏ తరంలో ఆ ఇంటికి వచ్చింది. పెద్దవాళ్లను కూర్చోబెట్టి ఈ ప్రశ్నలు ఇప్పుడే అడగండి. లెక్కల కవిలెలే కదా అని పక్కన పెట్టకండి. పంటల పేర్లు, శిస్తులు, కొలతలు కావ్యాల్లో దొరకవు.

కట్టడం

కోరా నూలు గుడ్డను వేడినీళ్లలో రెండుసార్లు ఉతికి గంజి పోగొట్టండి. గంజికి వెండిపురుగులు, బొద్దింకలు వస్తాయి. రంగు గుడ్డ తడిస్తే రంగు దిగుతుంది. కట్టకు పైనా కిందా పెట్టిన పాత చెక్క పలకలు ఉంటే అవే వాడండి. లేకపోతే ఆకుల కంటే కొద్దిగా పెద్దవైన గట్టి అట్టలు చాలు. ప్లైవుడ్ జిగురు నుంచి వచ్చే ఆవిరి మంచిది కాదు. వెడల్పాటి నూలు నాడాతో, ఆకులు కదలనంత బిగువుగా కట్టండి. వదులైతే ఆకులు ఒకదాన్నొకటి రాసుకుని అక్షరాలు అరుగుతాయి. సన్నదారం అంచుల్ని కోస్తుంది. వసకొమ్ము, ఎండిన వేపాకు విడిగా గుడ్డమూటలో కట్టి పెట్టెలో పెట్టవచ్చు, ఆకులకు తగలకూడదు. కలరా ఉండలు వద్దు.

గ్రంథాలయాన్ని ఎంచుకోవడం

తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వారి ప్రాచ్య పరిశోధన సంస్థ, విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం డాక్టర్ వి.ఎస్. కృష్ణా గ్రంథాలయం, హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయ గ్రంథాలయం లిఖిత ప్రతులు భద్రపరిచే చోట్లు. ముందు ఫోన్ చేసి లిఖిత ప్రతుల విభాగాన్ని అడగండి, ఫోటోలూ వివరాల పత్రమూ పంపండి. చెప్పాపెట్టకుండా కట్ట తీసుకెళ్లి కౌంటరు మీద పెట్టి వస్తే అది నమోదు కాకుండా మూలన పడే ప్రమాదం ఉంది.

సూటిగా అడగాల్సినవి ఇవి. పురుగు మందు పట్టించి విడిగా ఉంచే ఏర్పాటు ఉందా? ఎన్నాళ్లలో సూచికలో ఎక్కిస్తారు? డిజిటల్ ప్రతి మా కుటుంబానికి ఇస్తారా? పరిశోధకులకు చూపిస్తారా? కట్టలు విడదీసి వేర్వేరు చోట్ల పెడతారా, ఒకే కుటుంబం పేరున కలిపి ఉంచుతారా? చివరి ప్రశ్నకు వచ్చే జవాబును బట్టే ఎక్కువగా నిర్ణయించుకోవచ్చు. ఇవ్వడానికి మనసొప్పకపోతే డిజిటల్ ప్రతి తీసుకుని అసలు తిరిగి ఇస్తారేమో అడగండి, తప్పేమీ లేదు.

ఇచ్చేటప్పుడు దానపత్రం రెండు ప్రతులు ఉండాలి. శాశ్వతంగా ఇస్తున్నారా, భద్రపరచడానికి మాత్రమేనా అన్నది స్పష్టంగా రాయించండి. వాటాదారులైన అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల సంతకాలు కూడా ఉంటే తర్వాత తగాదా రాదు. తాతగారి ఉత్తరాలు, అచ్చుకాని రచనలు కలిసి ఉంటే కాపీరైటు సంగతి విడిగా రాయాలి, ఎందుకంటే కాగితం ఇచ్చినంత మాత్రాన హక్కు వెళ్లదు. నమోదు సంఖ్య ఇచ్చిన రసీదు లేకుండా వెనుదిరగకండి.

విదేశాల్లో ఉన్న పిల్లలు జ్ఞాపకంగా రెండు ఆకులు అడిగితే ఫోటోలు పంపండి. డెబ్బై ఐదేళ్లు దాటిన, చారిత్రక, సాహిత్య విలువ ఉన్న లిఖిత ప్రతి 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తుంది, దాన్ని వ్యక్తులు దేశం దాటించకూడదు. పైగా రెండు ఆకులు పోయిన గ్రంథం అసంపూర్ణ ప్రతిగానే సూచికలోకి ఎక్కుతుంది.

తీసుకెళ్లే రోజు అట్టపెట్టెలో కట్టల మధ్య ఖాళీని ఉతికిన నూలు గుడ్డలతో నింపండి. కొరియరులో వేయకండి. కారు డిక్కీలో, ముఖ్యంగా ఎండాకాలం, పెట్టకండి. పెట్టె మీ పక్క సీట్లోనే ఉండాలి. అక్కడ విభాగం వాళ్ల ఎదుట వివరాల పత్రం చూసుకుంటూ ఆకులు లెక్కపెట్టి, ఆ సంఖ్యను రసీదు మీద వేయించుకోండి.