ప్రోగ్రాముకి ఏ బేస్, రిహార్సల్‌కి ఏ బేస్

ఇంట్లో రెండో బేస్ గిటార్ చేరిన దగ్గర్నుంచి, ప్రోగ్రాం ఒప్పుకున్నప్పుడల్లా ఈ ప్రశ్న తప్పదు. ఏది పట్టుకెళ్ళాలి? చాలామంది కొత్తగా కొన్నది తీస్తారు, లేదంటే బ్యాగులో ముందే ఉన్నది భుజాన వేసుకుంటారు. నేను సికింద్రాబాద్‌లో ఉంటాను. పెళ్ళి సంగీత్‌లు, సినిమా పాటల ఆర్కెస్ట్రాలు, ఆదివారం చర్చి, అప్పుడప్పుడు ఏదో పబ్బు, ఇవీ నా ప్రోగ్రాములు. బేస్ తీసేముందు నేను అడిగేవి మూడు. పాటల శ్రుతులు ఖాయమయ్యాయా? స్టేజీ మీద కరెంటు ఎలాంటిది? అక్కడికి దేంట్లో వెళ్తున్నాం? ఏది బాగా మోగుతుందన్నది వీటి తర్వాతే. ఇంట్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మురిసిపోయే తేడాల్లో సగం ఫంక్షన్ హాల్లో ఆరో వరస దాకా కూడా వెళ్ళవు.

నా దగ్గర మూడున్నాయి. ఒకటి ప్రెసిషన్ రకం, నాలుగు స్ట్రింగులు, వాటికి ఫ్లాట్‌వౌండ్ (పైన నున్నటి చుట్టు ఉన్నవి) వేయించాను. రెండోది జాజ్ బేస్, గరుకు చుట్టు ఉండే రౌండ్‌వౌండ్ స్ట్రింగులు. మూడోది ఐదు స్ట్రింగుల యమహా టీఆర్‌బీఎక్స్ 305, బ్యాటరీతో నడిచే యాక్టివ్ రకం. మా ట్రూప్‌లో వీటిని పీ, జే, ఐదు అని పిలుస్తాం. ఇక్కడా అవే పేర్లు వాడతాను.

మొదటి రిహార్సల్‌కి ఐదు. ఇందులో నాకు అనుమానమే లేదు. మామూలుగా జరిగేది దీనికి తలకిందులు: మంచిదాన్ని ప్రోగ్రాముకని దాచి, రిహార్సల్‌కి చేతికందినది తీసుకెళ్తారు. కానీ ఏమీ ఖాయం కానిది రిహార్సల్‌లోనే కదా. ఒరిజినల్ ఈ (E) మైనర్‌లో ఉంటుంది. పాడే అమ్మాయికి ఆ రోజు గొంతు పట్టేసి ఉంటుంది. "అక్కా, ఒక స్వరం దించుకుందామా" అంటుంది. కీబోర్డు ఆయన ట్రాన్స్‌పోజ్ బటన్ రెండుసార్లు నొక్కి, నా వైపు చూస్తాడు. నాలుగు స్ట్రింగుల బేస్‌లో కింది ఈ (E) స్వరం దాటితే ఇంకేమీ లేదు. డీ కావాలంటే ఒక ఆక్టేవ్ పైకెక్కాలి, అక్కడ పాట కింద నేల లేనట్టు అయిపోతుంది. ఐదో స్ట్రింగు బీ ఉంటే దాని మూడో ఫ్రెట్‌లోనే (నెక్ మీది అడ్డపట్టీ) డీ దొరుకుతుంది. చెయ్యి ఎక్కడికీ పరిగెత్తనక్కర్లేదు. మూడుసార్లు శ్రుతి మార్చి మూడుసార్లూ పాడి చూసుకోవచ్చు, బేస్ కోసం ఎవరూ ఆగరు.

శ్రుతులు ఖాయమయ్యాక ఒక పని చేయండి. పాటల లిస్టులో ప్రతి పాట పక్కన శ్రుతి రాసి, ఆ పాటలో మీకు నిజంగా కావలసిన అన్నిటికన్నా కింది స్వరం కూడా రాయండి. ఈ (E) కన్నా కిందికి దిగేవి రెండు మూడు పాటలే అయితే నాలుగు స్ట్రింగుల బేస్ చాలు. ఆ పాటల్లో పై ఆక్టేవ్ వాయించినా హాల్లో ఎవరూ పట్టించుకోరు. లిస్టులో సగం డీ, ఈ ఫ్లాట్, డీ ఫ్లాట్ అయితే ప్రోగ్రాముకి కూడా ఐదే.

"నాలుగు స్ట్రింగుల్నే దించి ట్యూన్ చేస్తే సరిపోదా?" అని అడిగేవాళ్ళుంటారు. సరిపోతుంది, కొంతవరకు. అర స్వరం దించితే స్ట్రింగు బిగువు సుమారు 11 శాతం తగ్గుతుంది. కింది ఈ (E) స్ట్రింగుని పూర్తి స్వరం దించి డీకి తెస్తే దాదాపు 21 శాతం. వదులైన స్ట్రింగు ఫ్రెట్లకు కొట్టుకుంటుంది, గట్టిగా మీటితే శ్రుతి పైకి జారి మళ్ళీ కిందికొస్తుంది. లిస్టు మొత్తం అర స్వరం కిందే ఉంటే దించండి. పాట పాటకీ ట్యూనింగ్ కీలు తిప్పుతూ కూర్చోవలసి వస్తే మాత్రం వద్దు, యాంకర్ ఆ గ్యాప్‌లో చెప్పే జోకులు వినే ఓపిక నాకు లేదు.

శ్రుతి తర్వాత పాటల రకం. ఇళయరాజా పాటలు ఎక్కువుంటే నేను జే తీస్తాను. ఆయన పాటల్లో బేస్ కార్డ్ మొదటి స్వరం పట్టుకుని ఊరుకోదు, పాటతో పాటు తన దారిన తను నడుస్తుంది. పై ఫ్రెట్లలో తిరగాలి, ప్రతి స్వరం విడిగా వినబడాలి. జే నెక్ నట్ దగ్గర (తల మొదలయ్యే చోట) 38 మిల్లీమీటర్లు, పీ సుమారు 42. వినడానికి నాలుగు మిల్లీమీటర్లే. కానీ నాలాంటి చిన్న చేతికి రెండో గంట గడిచాక ఆ నాలుగు బాగా తెలుస్తాయి. పైగా జేలో బ్రిడ్జి (స్ట్రింగులు బాడీకి బిగించే చోటు) దగ్గరి పికప్ (స్ట్రింగుల కదలికని కరెంటుగా మార్చే ముక్క) ఒకటి ఉంటుంది, స్వరానికి అంచు ఇచ్చేది అదే.

తబలా, ఢోలక్ ఉన్న ట్రూప్ అయితే పీ. తబలా ఎడమది, ఢోలక్ ఎడమ మూత, మన కింది స్వరాలు, మూడూ ఒకే చోట గుమిగూడతాయి. అక్కడ ఫ్లాట్‌వౌండ్ వేసిన పీ "డుమ్" అని పలికి త్వరగా తప్పుకుంటుంది, పక్కవాళ్ళకి చోటు వదులుతుంది. రౌండ్‌వౌండ్ మోత ఆగదు. డప్పు, ప్యాడ్ గట్టిగా వాయించే మాస్ పాటలకీ పీనే ఇష్టం. ఏ బేస్ అయినా సరే, కీబోర్డు వాయించే ఆయన్ని ఎడమచేయి తగ్గించమని రిహార్సల్‌లోనే అడగండి. ఆయన కింద బేస్ వాయిస్తూ ఉంటే మీరు ఎంత ఖరీదైనది తెచ్చినా బురదే.

చివరి రిహార్సల్‌కి మాత్రం స్టేజీ మీద ఏది వాయిస్తారో అదే తేవాలి. నెక్ వెడల్పు, స్ట్రింగుల మధ్య దూరం వేలికి అలవాటు కావాలి. ఐదు నుంచి నాలుగుకి మారిన రోజు బొటనవేలు ఆనించే చోటు కూడా మారుతుంది.

మా రిహార్సల్ ఒక మిత్రుడి ఇంటి మేడ మీద గదిలో, జంబుఖానా పరిచి కింద కూర్చునే జరుగుతుంది. బాసింపట్టు వేసుకుని 34 అంగుళాల స్కేల్ (మోగే స్ట్రింగు పొడవు) బేస్ పట్టుకుంటే దాని తల తబలా ఆయన మోచేతికి తగులుతుంది. అలాంటి చోట 30 అంగుళాల షార్ట్ స్కేల్ బేస్ హాయి. నా దగ్గర లేదు, అందుకని గోడ మూల నాదని ముందే చెప్పి పెట్టుకుంటాను. ఇంకో సంగతి. పది పదిహేను వాట్ల రిహార్సల్ యాంప్ నుంచి బీ స్ట్రింగు సరిగ్గా రాదు. దాని పౌనఃపున్యం 31 హెర్ట్జ్ దగ్గర, చిన్న స్పీకరు గిలగిలలాడుతుంది. యాంప్‌లో బేస్ నాబ్ తగ్గించి మిడ్ పెంచండి, స్వరం తెలిస్తే చాలు.

ఇక కరెంటు. దీని గురించి ఎవరూ చెప్పరు, అందుకే కాస్త ఎక్కువ చెబుతాను.

జే పికప్పులు రెండూ సింగిల్ కాయిల్, అంటే ఒక్కొక్కదాంట్లో ఒకే తీగచుట్ట. చుట్టూ ఉన్న వైర్లు, డిమ్మర్లు, ట్రాన్స్‌ఫార్మర్ల నుంచి వచ్చే హమ్‌ని (గుయ్యిమనే మోతని) అవి లోపలికి లాక్కుంటాయి. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్, హమ్ ఆ 50లోనూ దాని గుణిజాలు 100, 150లోనూ వస్తుంది. బేస్‌లో జీ స్ట్రింగు 98 హెర్ట్జ్. అంటే ఆ హమ్ మన స్వరం పక్కనే కూర్చుని, కాస్త శ్రుతి తప్పి పాడుతుంది. దాన్ని ఈక్యూలో కోసేస్తే మన స్వరమూ కోతకు గురవుతుంది. ఇప్పుడు సంగీత్‌లలో వెనకంతా ఎల్ఈడీ వాల్ కడుతున్నారు, దానికి ఆనుకునే మనల్ని నిలబెడుతున్నారు. అది సన్నటి కీచు శబ్దం వేరే కలుపుతుంది.

పీకి ఈ బాధ తక్కువ. 1951లో వచ్చిన ప్రెసిషన్ బేస్‌కి ఫెండర్ కంపెనీ వాళ్ళు 1957లో పికప్‌ని రెండు ముక్కలు చేశారు. రెండు ముక్కలూ ఒకదానికొకటి ఎదురు చుట్టుతో ఉంటాయి కాబట్టి ఒకదాంట్లో వచ్చిన హమ్‌ని రెండోది కొట్టేస్తుంది. 1960లో వచ్చిన జాజ్ బేస్‌కి ఆ సౌకర్యం సగమే ఉంది: ఇప్పుడొచ్చే చాలా జాజ్ బేసుల్లో రెండు పికప్పుల వాల్యూమ్ సమానంగా పెడితే హమ్ పోతుంది, ఒకటి తగ్గించగానే తిరిగొస్తుంది. కాబట్టి అలాంటి స్టేజీకి జే తీసుకెళ్ళక తప్పకపోతే రెండు నాబులూ పూర్తిగా తెరిచి ఉంచండి, తేడా చూపించదలిస్తే మీటే చోటు మార్చి చూపించండి. నా పద్ధతి ఇంకా సులువు. ఈవెంట్ వాళ్ళకి ఫోన్ చేసి "వెనకాల ఎల్ఈడీ వాల్ ఉందా, కరెంటు జనరేటర్ మీదా?" అని అడుగుతాను. రెంటిలో దేనికి అవునన్నా జే ఇంట్లోనే ఉంటుంది.

అక్కడికి చేరాక సౌండ్ చెక్‌లో ఒక చిన్న పరీక్ష. బేస్ వాల్యూమ్ తెరిచి, వాయించకుండా, నిలబడ్డచోటే నెమ్మదిగా చుట్టూ తిరగండి. మీరు తిరిగేకొద్దీ హమ్ పెరిగి తగ్గుతుంటే అది పికప్పులోకి వస్తోంది, తక్కువ ఉన్న దిక్కు చూసుకుని అటే నిలబడండి. ఎటు తిరిగినా మారకపోతే లైను సమస్య. డీఐ బాక్స్ (బేస్‌ని మిక్సర్‌కి కలిపే పెట్టె) మీద గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ నొక్కమని మైక్‌సెట్టు వాళ్ళని అడగండి. స్ట్రింగులు పట్టుకుని మైకుకి పెదవి తగిలించినప్పుడు జివ్వుమంటే మాత్రం బేస్ పక్కన పెట్టి దిగిపోండి. అది ఎర్తింగ్ పని, ఎలక్ట్రీషియన్ సరిచేసేదాకా మళ్ళీ ముట్టుకోవద్దు. ప్లగ్గులో ఎర్త్ పిన్ను పీకేస్తే హమ్ పోతుందని ఎవరైనా సలహా ఇస్తే విననేవద్దు.

ఐదులో పికప్పులు హంబకర్లు, అంటే హమ్‌ని కొట్టేసే జంట కాయిళ్ళవి, కాబట్టి నిశ్శబ్దంగా ఉంటుంది. దాని గొడవంతా 9 వోల్టుల బ్యాటరీది. కేబుల్ గుచ్చి ఉన్నంతసేపూ వాయించినా వాయించకపోయినా బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది, అందుకే బ్రేక్‌లో కేబుల్ పీకేయాలి. మల్టీమీటర్ పెడితే కొత్తది 9 పైన చూపిస్తుంది. 8కి దగ్గరపడితే నేను మార్చేస్తాను, పాతది ఇంట్లో గోడ గడియారానికి పనికిరాదని మా అమ్మకి ఇప్పటికీ బాధే. కొన్ని యాక్టివ్ బేసులకు పాసివ్ (బ్యాటరీ లేకుండా నడిపే) స్విచ్ ఉంటుంది. లేనిదానికి బ్యాటరీ చనిపోతే శబ్దం మొత్తం పోతుంది.

ఆడవాళ్ళకి ఒక మాట. పట్టుచీర కట్టుకుని వాయించాల్సి వస్తే బేస్ ఎంపిక మారుతుంది. నైలాన్ స్ట్రాప్ పట్టు మీద నిలవదు. పీ తల బరువైనది, జర్రున కిందికి వాలిపోతుంది, ఎడమచేత్తో దాన్ని మోస్తూ వాయించాలి. లోపలివైపు గరుకుగా ఉండే మూడంగుళాల తోలు స్ట్రాప్ కొంత ఆపుతుంది. నేనైతే చీర రోజుల్లో తేలిగ్గా, తూకం సరిగ్గా ఉండే ఐదుకే ఓటేస్తాను. నాలుగు కిలోలు దాటిన బేస్ భుజాన రెండు గంటలు మొయ్యడం, పైగా పిన్నులు పెట్టిన పైట మీద, అనవసరమైన శిక్ష. కుడిచేతి గాజులు ముందే తీసేయండి, బాడీకి తగిలిన ప్రతిసారీ పికప్పులో వినబడతాయి.

ప్రయాణం సంగతికొస్తే, సిటీలో స్కూటీ మీద ఏదైనా ఒకటే. మామూలు బేస్ మొత్తం పొడవు దాదాపు 46 అంగుళాలు, వీపున వేసుకుంటే తల హెల్మెట్ దాటి పైకి వస్తుంది, లిఫ్టు తలుపులు, పార్కింగ్ సెల్లార్ పైపులు చూసుకోవాలి. కోస్తాకి వెళ్ళేటప్పుడే ఆలోచించాలి. గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా ఏసీ, పొద్దున్నే కాకినాడ ఉక్క. చెక్క తేమ పీల్చి నెక్ వంపు మారుతుంది, స్ట్రింగుల ఎత్తూ మారుతుంది. అందుకని దూరం ప్రోగ్రాములకి, నా మూడింట్లో నెక్ అన్నిటికన్నా కదలనిదాన్ని తీసుకెళ్తాను. నాకు అది పీ. మీది ఏదో ఎండాకాలం, వానాకాలం రెండూ చూస్తే మీకే తెలుస్తుంది. దిగాక కేసు తెరిచి ఓ గంట వదిలేసి, అప్పుడు చూడండి: మొదటి ఫ్రెట్‌నీ నెక్ బాడీకి కలిసే చోటి ఫ్రెట్‌నీ నొక్కి పట్టుకుంటే ఏడో ఫ్రెట్ దగ్గర స్ట్రింగు కింద విజిటింగ్ కార్డు మందం సందు ఉండాలి. ఎక్కువైతే ట్రస్ రాడ్ (నెక్ లోపలి ఇనుప కడ్డీ) పావు చుట్టు బిగించండి, అంతకు మించి ఒక్కసారిగా వద్దు. ఆలెన్ కీ బ్యాగులోనే ఉంచుకోండి. కొత్త స్ట్రింగులు ప్రయాణం రోజు వెయ్యకండి, అవి సాగుతూనే ఉంటాయి. రైల్లో పై బెర్తు తీసుకుని బేస్‌ని పక్కన పడుకోబెట్టుకోవాలి. కింద సీటు కిందికి తోస్తే తెల్లారేసరికి దాని మీద ఎవరి ట్రంకు పెట్టె ఉంటుందో చెప్పలేం.

ఒక్కటే కొనగలిగినవాళ్ళు, లేదా ఉన్న ఒక్కదానితోనే అన్నీ నడపాల్సినవాళ్ళు: పీజే, అంటే ముందు పీ రకం, వెనక జే రకం పికప్పులున్న నాలుగు స్ట్రింగుల పాసివ్ బేస్ చూడండి. ముందు పికప్ ఒక్కటీ తెరిస్తే పీలాగే హమ్ లేకుండా ఉంటుంది, వెనకది కలిపితే పాటకి అంచు వస్తుంది. కలిపినప్పుడు కొంచెం హమ్ కూడా వస్తుంది, కాబట్టి వాల్ ఉన్న స్టేజీ మీద వెనకది మూసెయ్యండి. శ్రుతి దించే పాటలు రిహార్సల్‌లో తేలగానే, ఏ చోట పై ఆక్టేవ్‌కి వెళ్తారో లిస్టు మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. పెన్ను వద్దు. ప్రోగ్రాం రోజు సాయంత్రం ఆ అమ్మాయి గొంతు విప్పుకుని, "అక్కా, ఒరిజినల్‌లోనే పాడేస్తాను" అంటుంది.