హైదరాబాద్ నుంచి కాంగ్ యాత్సే-2 ఎక్కాలంటే

లడఖ్‌లోని ఈ శిఖరం ఎత్తు దాదాపు 6,250 మీటర్లు. మన ఊరు ఐదారు వందల మీటర్లే. విమానం దిగే లేహ్ 3,500 మీటర్లు కాబట్టి మొదటి రెండు రోజులు పూర్తిగా విశ్రాంతి. ఆపైన ఏ రాత్రీ ముందు రాత్రి కంటే 500 మీటర్లకు మించి పైన పడుకోవద్దు. మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు ఆగాలి. సెలవులు చాలవని ఈ రోజులే కోసేస్తారు, దయచేసి ఆ పని చేయకండి. తలనొప్పి, వాంతులు ఉంటే పైకి కదలొద్దు; తగ్గకపోతే కిందికి దిగాలి.

మూడు నెలల ముందు నుంచే మౌలాలి గుట్ట మెట్లెక్కండి, వీపున 12 కిలోలతో. బరువుకు నీళ్ల సీసాలు పెట్టుకుని పైన పారబోస్తే దిగేటప్పుడు మోకాళ్లకు భారం తగ్గుతుంది.

క్రాంపాన్లను (మంచు మీద జారకుండా బూటు అడుగున బిగించే ఇనుప ముళ్ల చట్రాలను) మీరు వేసుకునే బూటుకే బిగించి, గట్టిగా ఊపి చూడండి. మడమ దగ్గర కదిలితే వాలులో ఊడిపోతాయి. స్టవ్ గ్యాస్ విమానంలో ఎక్కనివ్వరు, లేహ్‌లో కొనాలి. ఇండియన్ మౌంటెనీరింగ్ ఫౌండేషన్ అనుమతి ముందే తీసుకోవాలి.

హిమానీనదం మీద ముగ్గురు ఒకే తాడుకు, మధ్య 10-12 మీటర్ల ఎడంతో నడవాలి. తాడు మంచును తాకీ తాకనట్టుండాలి. మిగులు తాడును చేతిలో చుట్టలుగా పట్టుకోవద్దు: ముందున్న మనిషి హిమానీనదంలోని లోతైన మంచు చీలికలో పడితే ఆ వదులంతా అయ్యేలోగా వేగం పెరిగి, వెనకవాళ్లనూ లాక్కుపోతుంది.

శిఖరానికి అర్ధరాత్రి దాటకముందే బయలుదేరండి. ఎండెక్కాక చీలికల మీది మంచు మెత్తబడి మనిషి బరువు ఆపదు.