పుస్తకం మూసి, పిల్లలకు నోటితో కథ చెప్పడం

పుస్తకం చూసి చదివి వినిపించడం వేరు, కథ చెప్పడం వేరు. చదివేటప్పుడు మన కళ్ళు కాగితం మీద ఉంటాయి, చెప్పేటప్పుడు పిల్లల మొహాల మీద ఉంటాయి. తేడా అంతా అక్కడే. పిల్లాడు ఆవలిస్తున్నాడో, నోరు తెరుచుకుని వింటున్నాడో చూసుకుంటూ కథని అక్కడికక్కడే సాగదీయొచ్చు, కుదించొచ్చు. అందుకే కథని బట్టీ పట్టకండి. బట్టీ పట్టిన కథలో ఒక్క మాట జారినా, ఎక్కం అప్పజెబుతూ మధ్యలో ఆగిన పిల్లాడిలా మళ్ళీ మొదటికి రావాల్సి వస్తుంది. గుర్తుండాల్సింది జరిగిన సంగతుల వరస. మాటలు ఏ పూటకి ఆ పూట పుట్టుకొస్తాయి.

ఏ వయసుకి ఏ కథ

3, 4 ఏళ్ళ వాళ్ళకి గొలుసు కథలు: ఒకే ప్రశ్న మళ్ళీ మళ్ళీ వచ్చేవి. 5 నుంచి 7 ఏళ్ళ వాళ్ళకి జంతువుల యుక్తి కథలు, అంటే కోతి మొసలిని బురిడీ కొట్టించినలాంటివి. 8 దాటాక తెనాలి రామకృష్ణుడు, మర్యాద రామన్న, పరమానందయ్య శిష్యులు. 10, 11 ఏళ్ళు వచ్చాక బేతాళ కథలు బాగా పట్టుకుంటాయి. వాటిలో చివరి ప్రశ్న పిల్లల మధ్య వాదన రేపుతుంది, చెప్పేవాళ్ళకి పని తగ్గుతుంది.

మొదటిసారి చెప్పేవాళ్ళు నలుగురి కంటే ఎక్కువ పాత్రలున్న కథ జోలికి పోవద్దు. గొలుసు కథ దీనికి మినహాయింపు, ఎందుకంటే అందులో పాత్రలు ఒకరి తర్వాత ఒకరు వచ్చి వెళ్ళిపోతారు, అందరూ ఒకేసారి మీద పడరు. నిడివి కూడా చూసుకోవాలి. నాలుగేళ్ళ పిల్లలకి ఐదారు నిమిషాలు, ఎనిమిదేళ్ళ వాళ్ళకి పావుగంట. అరగంట కథ చెప్పగలగడం గొప్పే కానీ, అది రెండో ఏడాది సంగతి.

నేర్చుకునే పద్ధతి

కథని రెండుసార్లు చదివి పుస్తకం మూసేయండి. గుర్తున్నది ఐదు నుంచి ఏడు పొట్టి వాక్యాల్లో రాయండి, ఒక్కో వాక్యం నాలుగు మాటలు దాటకూడదు. పరమానందయ్య శిష్యులు ఏరు దాటిన కథైతే ఇలా: ఏటి గట్టుకి వచ్చారు. భయపడుతూ దాటారు. తలలు లెక్కపెట్టుకున్నారు. ఒకడు తగ్గాడు. అందరూ ఏడ్చారు. దారినపోయేవాడు లెక్కపెట్టాడు. ఇంతే కథ. లెక్కపెట్టేవాడు ప్రతిసారీ తనని తాను వదిలేస్తున్నాడన్నది రాయనక్కర్లేదు, అది మీ వేలితో చూపించాల్సింది. ఎదురుగా ఉన్న పిల్లల్ని నిజంగానే ఒక్కొక్కరినీ వేలితో లెక్కపెట్టి, మీ గుండె దాకా వచ్చి వేలు ఆపేయండి. ఎవడో ఒకడు అరుస్తాడు. అప్పుడు మీరు నవ్వకూడదు. హాస్యకథలో చెప్పేవాడు ముందే నవ్వితే వినేవాళ్ళకి మిగిలేది ఏమీ ఉండదు. శిష్యుడి మొహం పెట్టుకుని అమాయకంగా మళ్ళీ లెక్కపెట్టండి.

మాట మార్చకుండా గుర్తుంచుకోవాల్సినవి మూడే మూడు: మొదటి వాక్యం, మళ్ళీ మళ్ళీ వచ్చే పల్లవి, చివరి వాక్యం. తర్వాత అంట్లు తోముతూనో, బట్టలు ఆరేస్తూనో ఒకసారి పైకి చెప్పుకోండి. మనసులో అనుకుంటే సరిపోదు. నోరు ఎక్కడ తడబడుతుందో పైకి చెబితేనే తెలుస్తుంది, సాధారణంగా అది ఒకచోటి నుంచి ఇంకోచోటికి వెళ్ళే మలుపు దగ్గర. ఆ మలుపులకి మన అమ్మమ్మల దగ్గర తయారుగా మాటలున్నాయి: "పోగా పోగా...", "అలా కొన్నాళ్ళు గడిచాయి", "ఇలా ఉండగా". వాటిని సిగ్గుపడకుండా వాడుకోండి. "పోగా పోగా" అనడంలో ఎంత సాగదీస్తే అడవి అంత పెద్దదవుతుంది.

రాసిన కథని నోటికి అనువుగా మార్చుకోవడం

పుస్తకంలోని కథకి, చెప్పే కథకి వాక్యం వేరు. అచ్చులో "అడవిలోకి వెళ్ళి, కట్టెలు కొట్టి, మోపు కట్టుకుని, తిరిగి వస్తుండగా" అని సాగేది, చెవికి ఒక్కసారే పడితే అందదు. విడగొట్టండి: "అడవిలోకి వెళ్ళాడు. కట్టెలు కొట్టాడు. మోపు కట్టాడు. నెత్తిన పెట్టుకున్నాడు. వస్తున్నాడు, వస్తున్నాడు..." క్రియ వాక్యం చివర ఉండటం మనకి మంచి అవకాశం. దాని ముందు ఆగితే పిల్లలు క్రియ కోసం ఎదురుచూస్తారు.

ఎక్కువమంది తప్పు చేసేది సంభాషణల దగ్గర. "నన్ను వదిలిపెట్టు, నీకు నిధి చూపిస్తాను అని నక్క అంది" అని పుస్తకంలో ఉంటుంది. అలాగే చెబితే ఎవరు మాట్లాడుతున్నారో చివరి దాకా పిల్లలకి తెలియదు. మనిషిని ముందుకు తెండి: "అప్పుడు నక్క ఏమందీ? నన్ను వదిలిపెట్టవయ్యా, నీకు నిధి చూపిస్తా, అంది." ఇక "ఉందట, వెళ్ళాడట" అనే 'ట' మొదట్లో నాలుగైదు వాక్యాలకి చాలు. అది కథని దూరంగా, పాతకాలంలో నిలబెడుతుంది. కథ వేడెక్కాక కూడా ప్రతి వాక్యానికీ తగిలిస్తే పులి మీదికి దూకుతున్నా చాడీ చెప్పినట్టే ఉంటుంది. పులి వచ్చేసరికి 'ట' వదిలేయండి: "వచ్చింది. చూసింది. గాండ్రించింది."

చప్పుళ్ళకి మన భాషలో కరువు లేదు. తలుపు కిర్రుమంటుంది, కాయ టప్పున పడుతుంది, వాన చిటపటా మొదలై కుండపోత అవుతుంది. కథకి మూడు నాలుగు చాలు. ప్రతి అడుగుకీ ఒక చప్పుడు పెడితే పిల్లలు కథ వదిలేసి చప్పుళ్ళు చేయడం మొదలుపెడతారు.

ఏడు చేపల కథ, కొక్కెం తర్వాత కొక్కెం

రాజుగారికి ఏడుగురు కొడుకులు. వేటకెళ్ళి ఏడు చేపలు తెచ్చి ఎండబెడితే ఒకటి ఎండలేదు. చేపని అడిగితే గడ్డిమోపు అడ్డమొచ్చిందంది. గడ్డిమోపు ఆవు మేయలేదంది. ఆవు పాలేరు మీద చెప్పింది, పాలేరు అవ్వ బువ్వ పెట్టలేదన్నాడు, అవ్వ పాప ఏడుపు మీదికి నెట్టింది, పాప చీమ కుట్టిందంది. చీమ మాత్రం ఎవరి మీదా నెట్టదు: "నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?" అంటుంది. కొన్ని ఇళ్ళలో పాలేరు బదులు గొల్లవాడు వస్తాడు. మీ ఇంట్లో విన్నదే ఉంచండి.

చేప, గడ్డిమోపు, ఆవు, పాలేరు, అవ్వ: ఒక చేతికి ఐదు వేళ్ళు. పాప, చీమ రెండో చేతి మీద. ఇలా పెట్టుకుంటే ఎప్పుడూ తప్పిపోరు. ప్రతి కొక్కానికీ, అంటే గొలుసులోని ఒక్కో లంకెకీ, రెండే మాటలు, పిలుపూ జవాబూ. పిలుపు రెండుసార్లు పిలవాలి: "ఆవూ ఆవూ, ఎందుకు మేయలేదు?" అడిగేటప్పుడు తల కుడివైపు, జవాబు చెప్పేటప్పుడు ఎడమవైపు తిప్పండి. గొంతు మార్చడం కంటే ఇది తేలిక, స్పష్టం కూడా. ఏడు పాత్రలకీ ఏడు గొంతులు పెడదామనుకునేవాళ్ళు పాలేరు దగ్గరికి వచ్చేసరికి సరుకు అయిపోయి, అవ్వకీ ఆవుకీ ఒకే గొంతు ఇస్తారు. రెండు గొంతులు చాలు: ఆవుకి బరువుగా, నింపాదిగా, చీమకి సన్నగా. మిగతావాళ్ళు మీ మామూలు గొంతుతోనే మాట్లాడతారు.

మొదటి రెండు కొక్కేలు నెమ్మదిగా చెప్పండి. ఆవు దగ్గర మీరు "ఆవూ ఆవూ" అని ఆగండి, మిగతా ప్రశ్న పిల్లలే అందుకుంటారు. పాలేరు, అవ్వ జోరుగా వెళ్ళిపోవాలి. పాప దగ్గర మళ్ళీ తగ్గించి, వెక్కుతూ చెప్పించండి. చీమ జవాబు దాదాపు చెవిలో చెప్పినట్టుండాలి, "కుట్టనా" దగ్గర పిల్లాడి చెయ్యి మీద చిన్నగా గిల్లాలి. ముద్దుకి గిల్లడమే సుమా. పదిమంది ఉంటే ఎవరి చెయ్యి వాళ్ళనే గిల్లుకోమనండి.

ఊ కొట్టించడం

కథ మొదలుపెట్టే ముందే షరతు పెట్టండి: ఊ కొడితేనే చెబుతా. ఊ అనేది మర్యాద కోసం కాదు, అది మీకు కొలత. వాక్యం ముగియగానే ఊ వస్తే వేగం సరిపోయింది. ఆలస్యంగా, నీరసంగా వస్తే వర్ణన ఎక్కువైంది, ఏదో ఒకటి జరగనివ్వండి. అసలు రాకపోతే రెండే కారణాలు: నిద్రొచ్చింది, లేదా కథలో పూర్తిగా మునిగిపోయాడు. కళ్ళు చూస్తే ఏదో తెలుస్తుంది. మునిగిపోయినవాణ్ణి "ఊ కొట్టవేం?" అని అడగొద్దు.

పడుకోబెట్టేటప్పుడు చెప్పే కథకి లెక్క వేరు. ప్రశ్నలు వేయకండి, గిల్లకండి, ఏడు చేపలు ఆ వేళకి పనికిరావు. ప్రయాణం ఉన్న కథ ఎంచుకుని, చివరి మూడో వంతులో గొంతు తగ్గిస్తూ, వాక్యాల మధ్య ఎడం పెంచుతూ పోండి.

తేడా కొట్టినప్పుడు

ముఖ్యమైన సంగతి ముందు చెప్పడం మర్చిపోతే "అయ్యో, మర్చిపోయా" అనకండి. అవసరం వచ్చిన చోటే దాన్ని రహస్యంలా బయటపెట్టండి: "ఇంతకీ వాడి మొలలో ఏముందో తెలుసా?" పిల్లలు అది మీ ఎత్తు అనుకుంటారు. పేరు గుర్తు రాకపోతే "ఆ కుర్రాడు" అని లాగించేయండి. మధ్యలో ఎవరైనా "ఈ కథ నాకు తెలుసు" అంటే, "అయితే చివర్న నాకు సాయం చెయ్యి, అప్పటిదాకా ఎవరికీ చెప్పకు" అని ఒక పని అప్పగించండి.

భయం సంగతి జాగ్రత్త. ఐదేళ్ళలోపు వాళ్ళకి రాక్షసుణ్ణి తలుపు దగ్గర నిలబెట్టి ఆగకూడదు. భయం, దాని విరుగుడు ఒకే ఊపిరిలో వచ్చేయాలి. పెద్దపిల్లలైతే ఏడు సముద్రాల అవతల చిలకలో మాంత్రికుడి ప్రాణం ఉందని చెప్పి ఎంతసేపైనా ఆపొచ్చు.

పాత కథల్లో కొన్ని ఇప్పుడు చెప్పలేం. కులం పేరు పెట్టి వెక్కిరించేవి, గుడ్డివాణ్ణో కుంటివాణ్ణో చూసి నవ్వించేవి, నల్లగా ఉంటే దుర్మార్గుడనేవి. చాలావాటిలో కథ బలం ఆ వెక్కిరింతలో లేదు. అతనికి కులం బదులు పిసినారితనమో, గొప్పలు చెప్పుకునే అలవాటో ఇస్తే అదే మలుపు చక్కగా నిలబడుతుంది. నిలబడకపోతే ఆ కథే వదిలేయండి, మనకి కథలకి లోటా?

చివర్న "ఇందులో నీతి ఏమిటి?" అని అడగడం బడిలో పట్టుకున్న జబ్బు. ఒక్కసారి అడిగితే మరుసటి రోజు నుంచి పిల్లలు కథ వినరు, జవాబు వెతుక్కుంటారు. "కథ కంచికి, మనం ఇంటికి" అని ఆపేయండి.

గుంపుకి చెప్పేటప్పుడు, ఫోన్లో చెప్పేటప్పుడు

అపార్ట్‌మెంట్‌లోనో గ్రంథాలయంలోనో చెబితే మీ వెనక గోడ ఉండాలి, కిటికీ కాదు. వెనక వెలుతురుంటే మీ మొహం చీకటిగా కనబడుతుంది. పిల్లల్ని అర్ధచంద్రాకారంలో కూర్చోబెట్టి, చిన్నవాళ్ళని ముందు వరసలో పెట్టండి. మీరు నిలబడకండి, పొట్టి పీట మీద కూర్చోండి. ఫ్యాను గరగరలాడుతుంటే ఆపించండి, దాని మీద అరిస్తే పది నిమిషాల్లో గొంతు పోతుంది. 20 మంది దాటితే ఒక తోడు కావాలి. బుర్రకథలో తంబురా పట్టిన కథకుడి పక్కన డక్కీలతో ఇద్దరు వంతలుంటారు, ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. వాళ్ళు తాళం వేయడమే కాదు, "అయ్యో, తర్వాత?" అంటూ జనం తరఫున ప్రశ్నలడిగి కథకుడికి ఊపిరి తీసుకునే వ్యవధి ఇస్తారు. షేక్ నాజర్ అంతటి కథకుడికే వంతలుండేవారు. మీరు ఒక పెద్దపిల్లని పక్కన కూర్చోబెట్టి, మూడు చోట్ల ఏమడగాలో ముందే చెప్పి ఉంచండి.

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న మనవలకి వీడియో కాల్‌లో చెప్పే అమ్మమ్మలూ తాతయ్యలూ ఒకటి గుర్తుంచుకోవాలి. అటునుంచి ఊ కాస్త ఆలస్యంగా చేరుతుంది, కాబట్టి దాని మీద ఆధారపడకండి. పల్లవి ఇద్దరూ కలిసి అంటే మాటలు ఒకదాని మీద ఒకటి పడతాయి, పిల్లాడినే అననివ్వండి. తెలుగు అర్థమై ఇంగ్లీషులో బదులిచ్చే పిల్లలైతే ప్రతి మాటకీ అర్థం చెబుతూ ఆగొద్దు. "రోలు, అదే, పిండి రుబ్బే రాయి" అని వాక్యంలోనే కలిపేసి ముందుకు పోండి. మొదటి వారం ఒక్క పల్లవి తెలుగులో వస్తే చాలు.

అదే కథ రేపూ చెప్పమంటారు. వర్ణనలు మార్చొచ్చు కానీ లెక్కలూ పేర్లూ పల్లవీ మార్చొద్దు, ఇట్టే పట్టేసుకుంటారు. నాలుగోసారి చెప్పేటప్పుడు కావాలనే "ఆరు చేపలు తెచ్చారు" అనండి, దిద్దనివ్వండి. ఆ తర్వాతి రోజు కథ వాళ్ళనే చెప్పమని మీరు ఊ కొట్టండి. పాలేరుని దాటేసి అవ్వ దగ్గరికి వెళ్ళిపోయినా అడ్డుపడకండి. మరీ చిక్కుపడి ఆగిపోతే మాత్రం "ఇంతకీ ఆవుని మేపేదెవరు?" అని ఒక్క మాట అందించి ఊరుకోండి.